మల్లక్క జెండా, సమ్మవ్వ గోలెం

మధ్యాహ్నం సైరన్ కూయగానే మా క్వార్టర్లలో ఆడవాళ్లు అల్మారా అంచున ఉన్న గిన్నెలను లోపలికి జరుపుతారు. అదొక అలవాటు. కాసేపటికి ఓపెన్‌కాస్ట్ గనిలో రాయిని పగలగొట్టే మందు, అంటే షాట్, పేలుతుంది. నేల ఒకసారి ఒళ్లు విరుచుకుంటుంది, గిన్నెలు గలగలమంటాయి, మళ్లీ ఎవరి పని వాళ్లది. గోదావరిఖనిలో ఆ సైరన్ గురించి పనిగట్టుకుని మాట్లాడేవాళ్లు ఉండరు.

కానీ గని అంచున, పాత ఊరి రోడ్డు మీద, అదే సైరన్‌కు జరిగేది మొదటిసారి చూసినప్పుడు నేను బండికి స్టాండ్ వేయడం కూడా మరిచిపోయాను.

రోడ్డు మధ్యలో ఒక ఆడమనిషి ఎర్ర జెండా పట్టుకుని నిలబడి ఉంది. తలకు హెల్మెట్, చీర మీద కంపెనీ ఇచ్చిన మెరుపు పట్టీల కోటు, మెడలో విజిల్, నడుముకు వాకీటాకీ. షాట్ పేలేదాకా ఆ జెండా దాటి ఎవరూ పోకూడదు. ఆమె వెనక ఆగినవాళ్లం కొందరం ఉన్నాం: క్యాన్లు కట్టుకున్న పాలాయన, మేకల రాజం, ఆటో నిండా పెళ్లివాళ్లు, నేను. సైరన్ ఇంకా కూస్తూనే ఉంది. అప్పుడు ఎదురుగా ఉన్న మట్టిగుట్ట మీద నుంచి ఒక కుక్క దిగింది. నల్లది, ముసలిది. దాని వెనక ఇంకొకటి. తుప్పల్లోంచి ఒకటి, కూలిన గోడల సందులోంచి రెండు, నీళ్లగుంట ఒడ్డు నుంచి ఒకటి. పరుగు లేదు, మొరుగు లేదు. డ్యూటీకి వచ్చేవాళ్లలా వచ్చి, జెండా దాటి, రోడ్డు పక్క వేపచెట్టు కింద కూర్చున్నాయి.

ఆమె వాటిని పేరుపేరునా చూసుకుంది. "సర్పంచ్ ఏడి?" అంది.

అప్పుడు బొద్దుగా ఉన్న గోధుమరంగు కుక్క ఒకటి తాపీగా నడిచి వచ్చింది.

"వచ్చినవా? అందరు వచ్చి కూసున్నంక వస్తవు. పేరు నిలవెట్టినవ్ పో," అని దాన్ని కసిరి, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "సాఫ్. రోడ్డు దిక్కు జోన్ సాఫ్."

షాట్ పేలింది. దుమ్ము లేచింది. పెళ్లివాళ్ల ఆటోలో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. కుక్కలు మాత్రం చెవి కూడా కదపలేదు. రెండో సైరన్ కూసి దారి తెరుచుకున్నాక ఆమె జెండా చుట్టి, చెట్టు మొదట్లో ఉన్న ఒక రాతి తొట్టిలో డబ్బాలోని అన్నం కుమ్మరించింది.

"అక్కా, ఇవి నీ కుక్కలా?" అని అడిగాను.

"నాయెక్కడియి తమ్మీ. ఊరియి."

"ఏ ఊరివి?"

జెండా కర్రతో అవతలికి చూపించింది. అక్కడ మొండిగోడలు తప్ప ఊరు లేదు.

ఆమె పేరు మల్లక్క. తీరా చూస్తే మా క్వార్టర్ల వరసలోనే చివరి ఇల్లు. షిఫ్టుల ఊర్లో అంతే, ఒకరు నిద్రపోయే వేళకు ఇంకొకరు లేస్తారు. పక్కపక్కన ఏళ్ల తరబడి ఉండి కూడా ముఖాలు చూసుకోరు. ఆ సాయంత్రమే వెతుక్కుంటూ పోయాను. గుమ్మంలో ఆమె భర్త గట్టయ్య చేటలో నూకలు చెరుగుతున్నాడు. గట్టయ్య అండర్‌గ్రౌండ్ గనిలో చేసినవాడు. దాన్ని ఇక్కడ బాయి పని అంటారు. మోకాళ్లు మొరాయించి, ఊపిరి అందక, ఇక బాయిలోకి దిగొద్దని దవాఖానలో తేల్చారు. ఆయన నౌకరి మల్లక్కకు వచ్చింది. వరినాట్లు వేసిన చేతికి ఎర్ర జెండా ఇచ్చారు.

"ఈయనెవలే?" అన్నాడు గట్టయ్య.

"జెండ కాడ ఆగినాయన. కుక్కల ముచ్చట చెప్పాలెనట."

"కూసో తమ్మీ, కూసో. బాయిల అన్నేండ్లు బొగ్గు దీసిన మనిషిని, ఇప్పుడు కుక్కలకు వంట మాస్టర్నైన. నా కూరల ఉప్పు తక్కువైతే ఈమెకు ఏం ఫికర్ లేదు. గా నల్లకుక్క అన్నంల ఉప్పు పడితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తది."

"నువ్వు తిన్నప్పుడు తోక ఊపుతవా? అవి ఊపుతయ్," అంది మల్లక్క లోపలి నుంచి.

అలా మొదలైన ముచ్చట చాలా సాయంత్రాలు సాగింది. నేను వినడానికే పోయేవాణ్ణి. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

గని పెరుగుతూ వస్తుంటే ఆ ఊరు లేచిపోయింది. జనం పునరావాస కాలనీకి వెళ్లారు. తలుపులు, దూలాలు, రోళ్లు, కోళ్లగంపలు బండ్లకెక్కాయి. కుక్కలను ఎవరూ ఎక్కించలేదు. కొన్ని బండ్ల వెంట పరిగెత్తి కాలనీ దాకా పోయాయట. అక్కడి కుక్కలు కరిచి తరిమితే మళ్లీ పాత ఊరికే వచ్చాయి. మల్లక్కకు జెండా డ్యూటీ పడింది ఆ తర్వాతే. ఊరు లేకపోయినా ఊరి రోడ్డు ఉంది. అవతలి పల్లెలకు అదే దగ్గరి దారి.

మొదట్లో సైరన్ కూస్తే కుక్కలన్నీ మొండిగోడల్లోకి దూరేవి. చప్పుడుకు భయపడి దాక్కుంటున్నాయని మల్లక్క అనుకుంది. ఒకనాడు షాట్ అదురుకు ఒక మట్టిగోడ కూలింది. దాని కింద నుంచి కేక వినబడింది. జెండా పట్టుకున్నవాళ్లు రెండో సైరన్ దాకా జాగా కదలకూడదు. అదే ఆ డ్యూటీ.

"అది ఒర్రుతాంటే నేను ఈడ కట్టెలెక్క నిలవడ్డ తమ్మీ. సైరన్ కూసినంక ఉరికిన. కాలు ఒక్కటే పోయింది, పానం మిగిలింది."

ఆ కుక్కే ఇప్పటి కుంటోడు. ఆ రాత్రి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. సైరన్ అంటే భయం కాకుండా బువ్వ అయితే? మరునాటి నుంచి చికెన్ సెంటర్‌లో కోడి మెడలు, కాళ్లు అడిగి తెచ్చి, గట్టయ్య చేత నూకల్లో ఉడికించి, డబ్బాలో పోసుకుని డ్యూటీకి పోయింది. జెండా నిలిపే చోట వేపచెట్టు కింద ఒక పాత కుడితి గోలెం పడి ఉంది. పశువులు తాగడానికి రాతిని తొలిచి చేసిన తొట్టి అది. ఒక వైపు అంచు పగిలిపోయి, కుక్క మూతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. చేతికి దగ్గర ఉంది కదా అని అందులోనే పోసింది. నల్లకుక్క మొదట వచ్చింది. దానికి బొగ్గి అని పేరు పెట్టింది. బొగ్గి వెనక మిగతావన్నీ వచ్చాయి. కొన్నాళ్లకే సైరన్ కూస్తే చాలు, గోడల సందుల్లో ఒక్క కుక్క లేకుండా అయింది.

"నేనే నేర్పిన," అనేది మల్లక్క. అలా అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ఆగిన ప్రతి బండివాడికీ చెప్పేది. గర్వపడదగ్గ సంగతే. కుక్కలు ఎర్ర జెండా వెనక వరసగా కూర్చోవడం చూడటానికి ఆ వేళకే ఆ దారిన వచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. నేనూ అందులో ఒకణ్ణి.

గని ఒక్కచోట ఉండదు. తవ్వుకుంటూ ముందుకు జరుగుతుంది. వానాకాలం పోయాక గని అంచు రోడ్డు వైపు వచ్చింది. దాంతో జెండా నిలిపే చోటు వెనక్కి జరిగింది. చెట్టు నుంచి వాలు దిగి, దిగువన రోడ్డు కింద నీళ్లు పోయే మోరి దగ్గర ఇక ఆగాలన్నారు. అంటే ఇటువైపు షాట్ ఉన్న రోజున వేపచెట్టు ప్రమాదం జోన్ లోపలికి వచ్చేసింది.

"జాగ మారితేంది, నేనున్నచోటికి వస్తయ్," అనుకుంది మల్లక్క. మెరిసే కొత్త స్టీలు బేసిన్లు రెండు కొని, మోరి పక్కన పెట్టి, అన్నం పోసి, జెండా ఎత్తింది.

సైరన్ కూసింది. మట్టిగుట్టల మీద నుంచి కుక్కలు దిగాయి. దిగి, వేపచెట్టు కింద కూర్చున్నాయి. మల్లక్క విజిల్ ఊదింది. పేర్లు పెట్టి పిలిచింది. అవి వాలు మీద నుంచి ఆమెను చూశాయి, తోకలు ఊపాయి, కదలలేదు. నువ్వే తప్పుచోట నిలబడ్డావు, ఇటు రా అన్నట్టు చూశాయట.

వాకీటాకీలో షాట్ పేల్చే సర్దారు భూపాల్ గొంతు వచ్చింది. "మల్లక్కా, నీ దిక్కు సాఫేనా?"

"ఆగు తమ్మీ. సాఫ్ కాలే."

"మనిషున్నడా?"

"మనుషులు లేరు. కుక్కలున్నయ్."

"ఏందక్కా, కుక్కల కోసం షాట్ ఆపుదుమా?" అన్నాడు. అన్నాడే గానీ ఆపాడు. ఏ దిక్కు నుంచైనా సాఫ్ అన్న మాట రాకుండా మందు అంటించకూడదు. జీతంలో అందరికంటే కిందనున్న మల్లక్క నోటిలో ఆ ఒక్క మాట ఉంది. ఆమె దాన్ని బయటికి రానీయలేదు.

రఘుపతి సార్ జీపులో వచ్చాడు. ఆ గనిలో ఆయన మాటే ఆఖరు. చెట్టును, కుక్కలను, మల్లక్కను చూశాడు. ఆమె ఒక్కతే పోయి తోలుకొస్తానని బతిమాలితే, మందు మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వవద్దని భూపాల్‌కు చెప్పి, పంపించాడు. మల్లక్క వాలెక్కి పోయి, తిరిగి నడిచి వస్తుంటే కుక్కలన్నీ ఆమె వెంట మోరి దాకా వచ్చాయి. షాట్ ఆలస్యంగా పేలింది.

"ఈ ఒక్కసారే," అన్నాడు రఘుపతి సార్. "సైరన్ కూసినాక జోన్‌లోకి మనిషి పోవుడు తప్పు. ఇయాళ నేను చేసింది కూడా తప్పే. నీకేమన్నా అయితే గట్టయ్యకు నేను ఏం చెప్పాలె? ఇటు దిక్కు మళ్ల షాట్ సోమవారం ఉంది. అప్పటిదాక చూస్త. కాకపోతే నిన్ను వేరే దిక్కు ఏసి, ఈడ వేరేటోళ్లను పెడుత."

ఆయన కోపంగా అనలేదు. అందుకే మల్లక్కకు మరీ భయం వేసింది. వేరేవాళ్లు వస్తే రోడ్డు మీద మనుషులున్నారా లేదా అనే చూస్తారు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు వాళ్ల కంటికి ఆనరు.

"సైరన్‌కు ముందే తోలుకరావచ్చు గదా?" అన్నాను నేను.

"సైరన్ కూసేదాక అవి యాడుంటయో ఆ గుట్టలకే ఎరుక తమ్మీ. వాటిని ఒక్కకాడికి తెచ్చేది సైరనే. అది కూసినంక నేను పోవద్దు. నేను నేర్పిన చదువే వాటి మెడకు పడ్డది."

ఆ మధ్యరోజుల్లో షాట్లు గనికి అవతలి వైపు ఉన్నాయి. చెట్టుకు ప్రమాదం లేదు. కానీ కూసే సైరన్ అదే కాబట్టి, ఆమె రోజూ ప్రయత్నం చేసింది. బేసిన్లలో కోడి ముక్కలు పెంచింది. కుక్కలు సైరన్‌కు చెట్టు దగ్గరికి పోయి, అంతా అయ్యాక తీరిగ్గా వాలు దిగి వచ్చి తిన్నాయి. ఒకరోజు బొగ్గిని ముందే వెతికి పట్టుకుని మోరి గోడకు తాడుతో కట్టింది. అది పుట్టి బుద్ధెరిగాక తాడు ఎరగదు. సైరన్ మొదలుకాగానే మెడ తెగేలా గుంజుకుంటూ ఏడ్చింది. మల్లక్కే విప్పేసింది. చివరికి ఒకరోజు చెట్టు దగ్గర నిలబడి, మనసు రాయి చేసుకుని, బొగ్గి మీదికి మట్టిగడ్డ విసిరింది. అది కాళ్ల దగ్గర పడింది. బొగ్గి రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ కూర్చుని, ఆమె వైపే ముఖం తిప్పింది. దాని కళ్లకు తెల్లటి పొర వచ్చి ఉంది. ఆమె కనపడుతుందో లేదో కూడా తెలియదు.

ఆ సాయంత్రం మల్లక్క అన్నం ముట్టలేదు. గట్టయ్య కూడా ఎగతాళి చేయలేదు. చేట పక్కన పెట్టి అన్నాడు:

"మల్లా, ఓ మాట చెప్పన్నా? ఎవలింటి పిల్ల మాట వినకపోతే ఆ ఇంటోళ్లను అడుగుతరు. గీ కుక్కలు ఊరియే అంటివి గదా. ఊరోళ్లను అడిగినవా ఎన్నడన్న?"

మరునాడు డ్యూటీ దిగగానే ఆమె షేర్ ఆటో ఎక్కి పునరావాస కాలనీకి పోయింది. పాత ఊరి చివర వేపచెట్టు ఎవరి ఇంటి ముందరిదని అడుగుతూ అడుగుతూ సమ్మవ్వ ఇల్లు చేరింది. సిమెంటు గచ్చు మీద కాళ్లు చాపుకుని ముసలామె చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"చెట్టు నాదే బిడ్డా. ఎందుకు, కొట్టేసిండ్రా?"

"లేదవ్వా. సైరన్ కూస్తే అందరు ఆడికే వస్తున్నరు."

"ఎవలు?"

"కుక్కలు."

సమ్మవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "నల్లది ఉన్నదా? బతికే ఉన్నదా?" అంది.

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పిందట. ఆ ఊళ్లో ఎవరికీ గడియారాలతో పని ఉండేది కాదు. పొద్దు తిరిగే వేళకు గని సైరన్ కూస్తే అది ఊరందరికీ కుడితి పోసే వేళ. ప్రతి ఇంటి ముందూ గోలెం, గోలెం దగ్గర బర్రె, బర్రె పక్కన ఆ ఇంటి కుక్క. బర్రె తాగగా అడుగున మిగిలిన దాంట్లో ఇంత అన్నం కలిపి కుక్కకు వదిలేవారు. ఎవరికీ చెందని కుక్కలుంటే అవి సమ్మవ్వ గోలెం దగ్గరికి పోయేవి. ఆమెది ఊళ్లోకెల్లా పెద్ద గోలెం.

"మా అత్త నాటిది బిడ్డా. నేను కాపురానికి వచ్చిన్నాడే అంచు పలిగి ఉండె. పారేస్తానంటే మా అత్త వద్దన్నది. పలగనీ, కుక్క మూతికి అందుతదన్నది."

మల్లక్క ఆ మాట నాకు చెబుతూ తన అరచేతులు చూసుకుంది.

"అవి దాక్కుంటున్నయనుకున్న తమ్మీ. గోడలల్ల దూరేది దాక్కునేతందుకు కాదు. సైరన్ కూసింది గదా, ఎవల ఇంటికాడికి వాళ్లు పోయి నిలవడ్డరు. కుడితి పోస్తరని. ఊరు లేదని వాటికి ఎవలు చెప్పిండ్రు? గోడ మీద పడేదాక ఆ వాకిట్ల చూసుకుంట నిలవడ్డడు కుంటోడు. నేను నేర్పిన, నేను నేర్పిన అని గీ రోడ్డు మీద పోయేటోళ్లందరికి చెప్పుకున్న. నేనేం నేర్పిన? ఊరు ఎప్పుడో నేర్పింది. మిగిలిన ఒక్క గోలెంల బువ్వ కనవడితే, అందరు ఆడికి చేరిండ్రు. గంతే."

సమ్మవ్వ ఆ పూట ఆమెను ఉట్టి చేతులతో పంపలేదు. చిక్కుడుకాయలు కొంగులో పోసి, "కొత్త బేసిన్లు పెడితే ఎట్ల వస్తరే? గోలెం ఏడుంటె ఆడికి వస్తరు. తీస్కపో. నాకు ఇప్పుడు బర్రె లేదు, ఈడ జాగ లేదు. నేను దాన్ని ఇడిసి వచ్చిన గని అది కుక్కలను ఇడువలే," అంది.

ఆదివారం గనిలో షాట్ ఉండదు. గోలెంను మోరి దగ్గరికి జరుపుతామంటే రఘుపతి సార్ సరేనన్నాడు. గోలెం మోయడానికి భూపాల్ ట్రాక్టర్ మాట్లాడాడు. అది ఒక పెళ్లి సామానుకు పోయి ఎంతకూ రాలేదు. ఎండ ఎక్కుతోంది. చెట్టు కింద భూపాల్, పాలాయన, రాజం, నేను గోలెం చుట్టూ తిరుగుతున్నాం. సగం భూమిలోకి దిగిపోయిన రాయి. నలుగురం పట్టినా ఊగలేదు. అప్పుడు ఆటోలో గట్టయ్య దిగాడు. చేతిలో గడ్డపార, చంకలో తాడు. ఇన్నాళ్లూ వండి పంపడమే గానీ ఆ చోటికి ఆయన ఎప్పుడూ రాలేదు.

"బాయిల బొగ్గు టబ్బు పట్టాలు తప్పితే మేం ట్రాక్టర్‌ను పిలిపిచ్చినమా? గడ్డపార కింద పెట్టుండ్రి. దుంగలు తెండ్రి. భూపాలూ, సర్దారువు గదా, దూరం నిలవడి చూసుడే నేర్పిండ్రా నీకు?"

"నీ ఊపిరి చూసుకో కాకా," అన్నాడు భూపాల్ నవ్వుతూ.

"నా ఊపిరి నోట్లనే ఉంటది. మీ కండలు పెట్టుండ్రి."

ఆయన మట్టిగడ్డ మీద కూర్చుని "జోర్ లగాకే" అంటే మేము "హైస్సా" అన్నాం. గోలెం పెకిలింది. దుంగల మీద కొంత దూరం దొర్లింది. వాలు మొదలయ్యాక దుంగలు జారి పక్కకు పోయాయి. ఇక తాడు కట్టి ఈడ్చడమే. రాయి అడుగు మట్టిని దున్నుకుంటూ, వంపు దగ్గర ఒకసారి అడ్డం తిరిగి, మళ్లీ దారికి వచ్చి, మోరి దాకా ఒక లోతైన చాలు గీసింది. ఏళ్ల నాటి కుడితి, అన్నం పట్టి నల్లబడ్డ మన్ను ఆ చాలు పొడుగునా రాలింది. దారంతా గీరిపోయిందే అని రాజం నొచ్చుకున్నాడు. ట్రాక్టర్ వచ్చి ఉంటే శుభ్రంగా అయ్యేదని నేనూ అన్నాను.

మా అరుపులకు కుక్కలు ఆ రోజంతా గుట్టల అవతలే ఉండిపోయాయి. బొగ్గి జాడ కూడా లేదు. మల్లక్క సంతోషపడలేదు. "బెదరగొట్టినమేమో," అంది.

సోమవారం నేను ముందే పోయి మోరి దగ్గర నిలబడ్డాను. ఆగాల్సిన పని లేనివాళ్లు కూడా ఆగి ఉన్నారు. షేర్ ఆటోలో సమ్మవ్వ వచ్చింది, ఒళ్లో జొన్న గట్క డబ్బా పెట్టుకుని. తన గోలెం చుట్టూ ఒకసారి తిరిగి, పగిలిన అంచును అరచేత్తో తడిమి, దాని పక్కనే కూలబడింది. మల్లక్క గోలెంలో కొంచెం నీళ్లు పోసి, అన్నం వేసి, జెండా ఎత్తింది.

సైరన్ కూసింది.

అవి వచ్చాయి. ఎప్పటిలాగే గుట్టలు దిగి వేపచెట్టు కిందికి పోయాయి. బొగ్గి ఇంతకుముందు గోలెం ఉండిన చోట నిలబడింది. అక్కడ గుంట తప్ప ఏమీ లేదు. గుంట చుట్టూ తిరిగింది. మిగతావి దాని చుట్టూ తిరిగాయి. సమ్మవ్వ నోరు తెరవబోతే మల్లక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలువకు అవ్వా. నీ గొంతు వింటే నిన్ను ఎతుక్కుంట మీ పాత ఇంటి గోడలల్లకు పోతరు."

వాకీటాకీ గరగరలాడింది. "మల్లక్కా, సాఫేనా?"

"ఆగు తమ్మీ."

"సార్ నా పక్కనే ఉన్నడక్కా."

"ఆగుమను."

విజిల్ ఆమె మెడలో అలాగే వేలాడుతోంది, ఊదలేదు. సైరన్ ఆగిపోయింది. ఆ తర్వాత ఉండే నిశ్శబ్దం మాకందరికీ తెలుసు. కంకర మీద బల్లి నడిచినా వినబడుతుంది.

బొగ్గి గుంటలో మూతి పెట్టింది. అలాగే చాలాసేపు ఉంది. తర్వాత ముక్కు నేలకు ఆనించి ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. మేము ముందురోజు రాయి ఈడ్చిన చాల్లోకి దిగింది. తల ఎత్తలేదు. ఎత్తినా దానికి కనపడేది ఏముంది. వంపు దగ్గర చాలు అడ్డం తిరిగిన చోట అదీ అడ్డం తిరిగింది. అది మళ్లీ వెనక్కి వచ్చి, వాసన పట్టి, చాల్లోకి వచ్చింది. దాని వెనక కుంటోడు చాల్లోకి దిగాడు. వాడి వెనక ఇంకొకటి. పక్కన అంత రోడ్డు ఉండగా అన్నీ ఆ సన్నటి చాల్లోనే, ఒకదాని వెనక ఒకటిగా, బరువైన రాయి గీసిన గీత మీద వాలు దిగుతూ వచ్చాయి. అందరికంటే వెనక సర్పంచ్, చెట్టు వైపు తిరిగి తిరిగి చూస్తూ.

పాలాయన బండి హ్యాండిల్ వదిలేసి చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో ఆయనకే తెలియదు. నేను పుస్తకాల్లో, ముచ్చట్లలో ఎన్నో విన్నాను. ఇలాంటిది కంటితో చూస్తానని అనుకోలేదు.

బొగ్గి జెండా దాటింది. గోలెం పగిలిన అంచు మీద గదుమ ఆనించింది. తినలేదు. ముక్కు పక్కకు తిప్పి, గాలి పీల్చి, రెండడుగులు వేసి సమ్మవ్వ పాదాల మీద మూతి పెట్టింది.

"నువ్వు గూడ ముసలిదానివైతివానే?" అంది సమ్మవ్వ.

మల్లక్క అటు చూడలేదు. రోడ్డు వైపే చూస్తోంది. సర్పంచ్ తోక చివర జెండా దాటేదాకా చూసి, అప్పుడు వాకీటాకీ ఎత్తింది.

"సాఫ్. రోడ్డు దిక్కు సాఫ్."

"మనుషులా అక్కా, అందరా?" అన్నాడు భూపాల్.

"అందరు తమ్మీ. అందరొచ్చిండ్రు."

షాట్ పేలింది. కాళ్ల కింద నేల కదిలింది. గోలెంలో నీళ్లు గుండ్రంగా వణికి, అంచుకు తగిలి, నిలబడ్డాయి. సమ్మవ్వ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. బొగ్గి ఆమె పాదాల మీద నుంచి మూతి తీయలేదు. వాలు మీద దుమ్ము లేచి, వేపచెట్టు కాసేపు కనపడకుండా పోయి, మళ్లీ కనపడింది.

రెండో సైరన్ కూసింది. మల్లక్క జెండా చుట్టి పక్కకు జరిగింది. దారి తెరుచుకుంది. కుక్కలు తినడం అయ్యేదాకా ఎవరూ బండి స్టార్ట్ చేయలేదు.